నోటి పుండ్లకు మూలం పొట్టలో ఉంటే

ఈ ఉత్తరం ఒక తమ్ముడు రాసింది. వాళ్ల అక్కకు 42 ఏళ్లు. ఐదు నెలల కిందట నాలుక పక్కన మొదలైన పుండ్లు వారం తిరిగేసరికి బుగ్గల లోపలికి, అంగిలికి, పెదవులకు పాకాయి. మొదట విటమిన్ లోపం అన్నారు. తర్వాత పన్ను ఒరుసుకుంటోందన్నారు. ఆ తర్వాత ఏదో మందు పడలేదన్నారు. రెండో నెలలో ఛాతీ మీద, వీపు మీద నీటి పొక్కులు లేచాయి, అరచేతుల్లో ఎర్రటి మచ్చలు వచ్చాయి. చర్మం ముక్క తీసి పరీక్షకు పంపితే ‘పెంఫిగస్ వల్గారిస్’ అని, అంటే రోగనిరోధక వ్యవస్థే చర్మం మీద, నోట్లో పొక్కులు లేపే జబ్బని, రిపోర్టు వచ్చింది. రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు, నెల తర్వాత రోగనిరోధక వ్యవస్థను అణిచే అజాథయోప్రిన్ కలిపారు. ఒంటి మీద పొక్కులు చాలావరకు ఎండిపోయాయి కానీ నోరు మాత్రం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. పెదవుల మీద నల్లటి రక్తపు చెక్కులు కట్టాయి. 58 కిలోల మనిషి 49కి దిగిపోయింది.

ఈమధ్య మరో చర్మవైద్యురాలు ఆ పెదవులు చూడగానే ఛాతీకి, పొట్టకు సీటీ స్కాన్ తీయించారు. పేగుల వెనక, ఎడమ కిడ్నీ పక్కన 5.5 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. రంగు మందు ఎక్కించగానే గడ్డ బాగా వెలిగిందని, క్యాజిల్‌మన్ వ్యాధి (లింఫు గ్రంథి విపరీతంగా పెరిగే జబ్బు) కావచ్చు, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) కూడా కావచ్చు అని రిపోర్టులో రాశారు. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించమని ఆ డాక్టరమ్మ అంటున్నారు. “గుటక మింగలేని మనిషిని కోయిస్తామా, ముందు నోరు మాననివ్వండి” అని బావగారు పట్టుబడుతున్నారు. గడ్డ సంగతి అక్కకు చెప్పలేదు. పిల్లలకు అంటుకుంటుందేమోనని ఆమె కంచం, గ్లాసు వేరు పెట్టారు. ముందు ఆపరేషనా, నోరా? ఇది క్యాన్సరేనా? అక్కకు చెప్పాలా వద్దా? ఇవీ ఆ తమ్ముడి ప్రశ్నలు. ఉత్తరం చివర ఒక ముక్క కూడా రాశారు: “రెండు వారాలుగా మెట్లెక్కితే ఆయాసపడుతోంది, పొడి దగ్గు ఉంది. తిండి లేని నీరసమే అనుకుంటున్నాం.”

మీరు చివర రాసిన ఆ ముక్క దగ్గరే మొదలుపెడదాం. అది ప్రశ్నగా అడగలేదు గానీ, ఈ వారంలో తేల్చుకోవలసిన వాటిలో మొదటిది అదే.

మీ చర్మవైద్యురాలు అనుమానిస్తున్న జబ్బు పేరు పారానియోప్లాస్టిక్ పెంఫిగస్. ఒంట్లో ఎక్కడో ఉన్న గడ్డ కారణంగా రోగనిరోధక వ్యవస్థ తిరగబడి నోటి పొరను, చర్మాన్ని దెబ్బతీస్తుంది. మామూలు పెంఫిగస్ సాధారణంగా చర్మంతో, నోటి వంటి తడి పొరలతో ఆగుతుంది. ఇది కొందరిలో ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాలనూ పట్టుకుంటుంది. వాటి లోపలి పొర దెబ్బతిని, మచ్చకట్టి, గొట్టం ఇరుకైపోతుంది. దీన్ని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరన్స్ అంటారు. మొదట్లో కనిపించేది మీరు రాసినదే: పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు, స్టెతస్కోపుకు ఏమీ వినపడకపోవచ్చు. అందుకే ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి డాక్టర్లూ దాన్ని నీరసం కింద జమకట్టేస్తారు. మచ్చకట్టిన గొట్టం మళ్లీ మామూలుగా తెరుచుకోవడం అరుదు. నోరు ఆలస్యంగానైనా మానుతుంది, ఊపిరితిత్తిలో పోయింది చాలావరకు పోయినట్టే. బావగారి మాట విని రెండు మూడు నెలలు ఆగితే జరిగే నష్టం అక్కడే జరగవచ్చు.

అలాగని ఆయాసం కచ్చితంగా దీనివల్లేనని అనుకోవద్దు. నెలల తరబడి స్టెరాయిడ్, అజాథయోప్రిన్ వాడుతున్న మనిషికి న్యుమోనియా గానీ క్షయ గానీ రావచ్చు. గడ్డ ఉండి, ఎక్కువసేపు మంచం మీదే ఉండేవారికి కాలి నరంలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తికి చేరవచ్చు. రక్తం తగ్గినా ఆయాసం వస్తుంది. వీటన్నిటికీ వైద్యం వేరువేరు కాబట్టే ఊపిరితిత్తుల డాక్టరును రెండు మూడు రోజుల్లో కలవమంటున్నాం. అడగవలసిన పరీక్షలు రెండు. ఒకటి స్పైరోమెట్రీ. బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వస్తోందో, మొత్తం గాలిలో అది ఎంత భాగమో కొలుస్తారు. ఆ నిష్పత్తి 0.7 కంటే తగ్గి, గాలి గొట్టాలను తెరిచే సాల్బుటమాల్ మందు పీల్చిన 15 నిమిషాలకు మళ్లీ ఊదించినా మెరుగు లేకపోతే గాలి గొట్టాలు ఇరుకైనట్టు అనుమానించాలి. రెండోది ఛాతీకి హై రిజల్యూషన్ సీటీ. అందులో ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు, బయటికి వదిలినప్పుడు విడివిడిగా చిత్రాలు తీయాలి. గాలి బయటికి రాలేక చిక్కుకుపోయిన చోట్లు వదిలినప్పటి చిత్రంలోనే బయటపడతాయి. పాత సీటీ ఊపిరి బిగబట్టించి తీసినదే అయివుంటుంది. కాబట్టి అందులో ఊపిరితిత్తులు బాగున్నాయని రాసినా దాన్ని నమ్ముకుని ఊరుకోవద్దు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పెదవులు పుండ్లయిన మనిషి స్పైరోమెట్రీ గొట్టాన్ని గట్టిగా బిగించి పట్టలేదు. పక్కలనుంచి గాలి కారిపోయి అంకెలు తప్పుగా తక్కువ వస్తాయి, లేదా రెండుసార్లు ఊది “ఇక నావల్ల కాదు” అంటుంది, రిపోర్టులో ‘సహకరించలేదు’ అని రాసి పంపేస్తారు. పరీక్షకు పది నిమిషాల ముందు లిగ్నోకెయిన్ జెల్ పెదవులకు రాసి, మెత్తటి మౌత్‌పీస్ గానీ ముఖానికి పెట్టే మాస్కు గానీ వాడమని టెక్నీషియన్‌ను ముందుగానే అడగండి. ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంటే ఒకసారి కూర్చోబెట్టి, మరోసారి ఇంట్లోనే కొద్దిసేపు నడిపించి చూడండి. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, నడిచాక నాలుగు అంకెలకు మించి పడినా, 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వచ్చినా, ఒక కాలు వాచినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక రోగనిర్ధారణ. మొదటి రిపోర్టులో పెంఫిగస్ వల్గారిస్ అని ఎందుకు వచ్చింది? ఆ ల్యాబు తప్పు చేసిందని అనలేం. రెండు జబ్బుల్లోనూ చర్మ కణాలు ఒకదాన్నుంచి ఒకటి ఊడిపోతాయి. ఫార్మలిన్ సీసాలో వేసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తే కొన్నిసార్లు రెండూ ఒకేలా ఉంటాయి. చొక్కా బొత్తం సంగతి చూడండి. పైకి కనిపించే బొత్తం వేరు, దాన్ని వెనకనుంచి బట్టకు పట్టి ఉంచే దారం వేరు. మామూలు పెంఫిగస్‌లో దెబ్బ తగిలేది బొత్తానికి. అంటే కణాల బయటివైపు ఒకదాన్నొకటి పట్టుకునే డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్లకు. అక్కకు అనుమానిస్తున్న జబ్బులో వాటితోపాటు లోపలి దారం మీద కూడా యాంటీబాడీలు ఉంటాయి. ఎన్వోప్లాకిన్, పెరిప్లాకిన్, డెస్మోప్లాకిన్ వంటివి ఆ లోపలి ప్రొటీన్లు. పైగా యాంటీబాడీలతో ఆగదు, టి కణాలనే తెల్లరక్తకణాలు కూడా నేరుగా నోటి పొర మీద పడతాయి. స్టెరాయిడ్‌తో ఒళ్లు తగ్గినా నోరు లొంగకపోవడానికి ఇదొక కారణమని భావిస్తారు. ఈ జబ్బును 1990లో గ్రాంట్ అన్‌హాల్ట్ బృందం ఐదుగురు రోగుల ఆధారంగా మొదట వర్ణించింది. అప్పుడూ కొట్టొచ్చినట్టు కనిపించిన వాటిలో నొప్పితో కూడిన నోటి పుండ్లున్నాయి.

మీ ఉత్తరంలో మూడు ఆనవాళ్లు ఉన్నాయి. చెక్కులు నోటి లోపలే ఆగకుండా పెదవి ఎర్రభాగమంతా కమ్మడం ఒకటి. మామూలు పెంఫిగస్ సాధారణంగా తాకని అరచేతుల్లో మచ్చలు రావడం రెండోది. మందులకు ఒళ్లు ఒకలా, నోరు ఒకలా స్పందించడం మూడోది. మందు పడకపోవడం వల్ల వచ్చే తీవ్ర రియాక్షన్ కూడా పెదవులను ఇలాగే చేస్తుంది, కానీ అది రోజుల్లో ముదిరి వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఐదు నెలలు కూర్చోదు. ఇవన్నీ బలమైన అనుమానాలే, రుజువులు కావు. రుజువు కోసం రెండు నమూనాలు కావాలి. పుండు పక్కనే బాగున్నట్టు కనిపించే చర్మం లేదా నోటి పొర ముక్కను డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు, అంటే కణాలకు అంటుకున్న యాంటీబాడీలను వెలిగించి చూపే పరీక్షకు, పంపాలి. ఈ ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే ఇక పనికిరాదు. మైకెల్స్ మీడియం అనే ద్రవంలో గానీ, ల్యాబు దగ్గరే ఉంటే మామూలు సెలైన్‌లో గానీ పంపాలి. పుండు నడిమధ్యనుంచి తీస్తే పై పొరే ఉండదు, ఫలితం ఏమీ రాదు. ఇక రక్తంతో చేసే పరీక్షను ఎలుక మూత్రాశయపు పొర మీద చేయమని ప్రత్యేకంగా రాయించాలి. ఆ పొరలో డెస్మోగ్లీన్లు ఉండవు, ప్లాకిన్లు దండిగా ఉంటాయి. అక్కడ వెలుగు కనిపిస్తే దారానికి దెబ్బ తగిలినట్టే. సాధారణంగా పెంఫిగస్‌కు వాడే కోతి అన్నవాహిక పొర ఈ తేడా చూపించలేదు. ఎన్వోప్లాకిన్ మీది యాంటీబాడీలను రక్తంలో కొలిచే ఎలైసా పరీక్ష దొరికితే అదీ చేయించవచ్చు. ఈ పరీక్షలు నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని కొట్టిపారేయకూడదు.

మరొక్క మాట. ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్) ఎక్కించాలనుకుంటే ఈ రక్తనమూనాలు, హెపటైటిస్ బి పరీక్ష, అన్నీ దానికి ముందే తీసి ఉంచాలి. అది వేలమంది దాతల యాంటీబాడీల మిశ్రమం. ఎక్కాక చేసిన పరీక్షల్లో ఎవరి యాంటీబాడీలు ఎవరివో తేల్చడం కష్టం.

“ఇది క్యాన్సరేనా” అన్నారు. గడ్డను బట్టి ఉంటుంది. ఈ జబ్బుతో ముడిపడినవి ఎక్కువగా రక్తకణాలకు, లింఫు గ్రంథులకు సంబంధించినవి. నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా, క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, క్యాజిల్‌మన్ వ్యాధి, ఛాతీలోని థైమస్ గ్రంథిలో వచ్చే థైమోమా గడ్డ వీటిలో ముఖ్యమైనవి. సార్కోమాలు, మరికొన్ని కూడా ఉంటాయి కానీ తక్కువ. పిల్లల్లో, కౌమారంలో అయితే ఎక్కువగా క్యాజిల్‌మనే. బోస్టన్ వైద్యుడు బెంజమిన్ క్యాజిల్‌మన్ పేరు మీద వచ్చిన ఈ వ్యాధిలో లింఫు గ్రంథి విపరీతంగా పెరుగుతుంది. ఒకేచోట ఉండే రకం మామూలు అర్థంలో క్యాన్సర్ కాదు, మొత్తంగా తీసేయగలిగితే ఆ గడ్డ కథ చాలావరకు ముగుస్తుంది. కానీ ‘క్యాన్సర్ కాదట’ అని ఊపిరి పీల్చుకుని వదిలేసే గడ్డ కూడా కాదు. అక్క నోటిని కొరుకుతున్న యాంటీబాడీలను తయారుచేసే కణాలు ఆ గడ్డలోనే ఉంటాయని ఇలాంటి గడ్డల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. రంగు మందుకు బాగా వెలగడం, ఒంటరిగా ఉండటం క్యాజిల్‌మన్ వైపు మొగ్గుతాయి. ఒళ్లంతా చూపే పెట్ సీటీ స్కాన్ చేయిస్తే ఇంకెక్కడైనా గ్రంథులున్నాయా తెలుస్తుంది. లింఫోసైట్ల సంఖ్య, ఎల్‌డీహెచ్, ఫ్లో సైటోమెట్రీ, ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఇప్పుడే అయిపోవాలి. రక్తకణాల రకాలను తేల్చే ఫ్లో సైటోమెట్రీని వదిలేయకండి. పొట్టలో గడ్డ దొరికింది కదా అని అందరి చూపూ అటే ఉన్నప్పుడు రక్తంలోని లుకేమియా కళ్లుగప్పవచ్చు.

ఇప్పుడు మీ ఇంట్లో పేచీ. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, నోరు మానేదాకా ఆగడం. బావగారు చెడ్డమాట అనలేదు, చూడలేక అన్నారు. అయితే గడ్డ లోపల ఉన్నంతకాలం నోరు మానే అవకాశం చాలా తక్కువ. ఐదు నెలల అనుభవం మీకే ఉంది. ఆగుతూ స్టెరాయిడ్ 60కో 80కో పెంచితే నోటికి వచ్చే లాభం కొంచెం, ఇన్ఫెక్షన్ ప్రమాదం చాలా. ఈ జబ్బులో ప్రాణం తీసేవి ప్రధానంగా ఇన్ఫెక్షనూ, ఊపిరితిత్తులూ, ఆ గడ్డా. ఆగడం ఈ మూడింటికీ సమయం ఇచ్చినట్టవుతుంది. దీనితోపాటు, గడ్డ లింఫోమా అయితే పెద్ద మోతాదు స్టెరాయిడ్ దాన్ని తాత్కాలికంగా కుదించి, తర్వాత తీసిన ముక్కలో జబ్బు ఆనవాలు దొరకకుండా చేయగలదు.

రెండో దారి, రేపే ఆపరేషన్. మీ సర్జన్ కూడా దీనికి ఒప్పుకోకపోవచ్చు. ఐదు నెలల్లో 15 శాతం బరువు పోయిన మనిషికి కుట్లు సరిగా మానవు. మాకు సబబనిపించేది మధ్యలో ఉంది: పది నుంచి పద్నాలుగు రోజులు గడువు పెట్టుకుని, ఆ రోజుల్లో నోరు మానాలని కాకుండా, ఒంట్లో బలం పెరగాలని, ఊపిరితిత్తుల లెక్క తేలాలని పనిచేయడం. బావగారికి కూడా ఇలా చెప్పి చూడండి. ఆయన భయంలో సగం నిజం ఉంది, ఆ సగానికి రెండు వారాలు చాలు.

ఆ రెండు వారాల్లో తిండి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఈ బరువుకు రోజుకు సుమారు 1,250 నుంచి 1,500 కేలరీలు, 60 నుంచి 75 గ్రాముల ప్రొటీన్ లోపలికి వెళ్లాలి. గుటక గుటకగా తాగి ఇంత అందుకోవడం చాలామందికి సాధ్యం కాదు. ముక్కులోంచి వేసే సన్నని ఫీడింగ్ గొట్టం అంటే ఇంట్లో అందరూ బెదిరిపోతారు గానీ, నోటికి పని తప్పుతుంది కనుక మనిషికి హాయిగానే ఉంటుంది. గొంతులో, అన్నవాహికలో కూడా పుండ్లుండవచ్చు కాబట్టి గొట్టం మెత్తటిది, 8 లేదా 10 ఫ్రెంచ్ సైజుది కావాలి, అలవాటున్నవాళ్లే వేయాలి. చాలా రోజులు తిండి లేని ఒంటికి ఒక్కసారిగా పూర్తి ఆహారం పట్టించకూడదు. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం దఢాలున పడిపోయి గుండె లయ తప్పవచ్చు. సగం కంటే తక్కువతో మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో పెంచుతూ, ఆ మూడింటినీ రోజూ చూస్తారు.

మూడో దారి, ముందు సూదితో ముక్క తీసి గడ్డ ఏమిటో తేల్చుకోవడం. గడ్డ ఒక్కటే, తీయగలిగిన చోటే ఉంటే చాలామంది నిపుణులు నేరుగా మొత్తం తీసి, దాన్నే పరీక్షకు పంపుతారు. క్యాజిల్‌మన్ గడ్డలో రక్తనాళాలు ఎక్కువ, సూది పెడితే రక్తం కారే ప్రమాదం ఉంది. సన్నని ముక్కలో గ్రంథి నిర్మాణం కనపడక తీర్పు తేలకపోవడమూ ఉంది. కానీ పెట్ సీటీలో చాలాచోట్ల గ్రంథులు వెలిగినా, రక్తపరీక్షలు లింఫోమా వైపు చూపినా లెక్క మారిపోతుంది. అప్పుడు ముక్క పరీక్షే ముందు. లింఫోమాకు ప్రధాన వైద్యం కత్తి కాదు, రిటుక్సిమాబ్, కీమోథెరపీ వంటి మందులు. రిటుక్సిమాబ్ ఇచ్చేముందు హెపటైటిస్ బి తప్పకుండా చూడాలి, దాగి ఉన్న వైరస్ లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు. లింఫోమాల్లో చర్మం, నోరు తగ్గడం క్యాజిల్‌మన్‌లో ఉన్నంత నమ్మకంగా ఉండదు. గడ్డ మందులకు కరిగినా నోటి జబ్బు దాని దారిన అది సాగిన సందర్భాలున్నాయి. ఇది ముందే తెలిసి ఉండటం మంచిది.

ఆపరేషన్ వైపు వెళితే సర్జన్‌ను, మత్తు డాక్టరును ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడాలి. గడ్డను చేతితో నొక్కుతూ, పిసుకుతూ తీస్తే అందులోని యాంటీబాడీలు ఒక్కసారిగా రక్తంలో పడి ఆపరేషన్ తర్వాత జబ్బు ఎగదన్నవచ్చు. అందుకని దానికి రక్తం తెచ్చే, తీసుకెళ్లే నాళాలను ముందు కట్టేసి, గడ్డను వీలైనంత తక్కువ తాకుతూ, పొర చిరగకుండా తీయాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఇదే ఉద్దేశంతో కొన్నిచోట్ల ఐవీఐజీ కిలోకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఎక్కిస్తారు. అక్క బరువుకు రోజుకు దాదాపు 20 గ్రాములు. ఖర్చుతో కూడిన మందు, రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని కూడా కొంత పెంచుతుంది. కాబట్టి తప్పనిసరి అనలేం, అడిగి తేల్చుకోవాలి. రక్తస్రావం భయం ఉంటే ఆపరేషన్‌కు ముందు గొట్టం ద్వారా ఆ నాళాలను మూసేసే ఎంబొలైజేషన్ కూడా ఒక మార్గం.

మత్తు డాక్టరుకు చెప్పవలసినవి ఇవి. నెలలుగా స్టెరాయిడ్ వాడుతోంది, ఒంట్లో సొంత కార్టిసాల్ తయారీ నిద్రపోయి ఉంటుంది, ఆపరేషన్ రోజు హైడ్రోకార్టిసోన్ అదనంగా ఇవ్వాలి. నోట్లోనుంచి గొట్టం వేసేటప్పుడు పొర ఊడి రక్తం రావచ్చు. ముఖానికి అంటించే టేపు తీస్తే చర్మం దాంతోపాటే వచ్చేస్తుంది, కాబట్టి నాడాలతో కట్టాలి. ఇంకొకటి, చాలామందికి తట్టనిది: క్యాజిల్‌మన్ వ్యాధి, థైమోమా ఉన్నవారిలో మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత కూడా ఉండవచ్చు. సాయంత్రానికి కనురెప్పలు వాలుతున్నాయా, రెండు రెండుగా కనిపిస్తోందా, మాట ముద్దగా వస్తోందా అని అక్కను అడగండి. అవునంటే మత్తుమందుల ఎంపికే మారిపోతుంది. ప్రెడ్నిసొలోన్‌ను మాత్రం ఎవరు చెప్పారనో మీరే ఒక్కసారిగా ఆపేయకండి.

ఈలోగా నోటి సంగతి. మాన్పలేకపోయినా నొప్పి తగ్గించవచ్చు. పెదవి చెక్కులను గోటితో గిల్లకూడదు, పొడిగా ఉన్నప్పుడు తుడవకూడదు. గాజుగుడ్డను మామూలు సెలైన్‌లో ముంచి పది నిమిషాలు పెదవుల మీద వేసి ఉంచితే అంచులు మెత్తబడి లేస్తాయి. లేచినంతవరకే తీసి, వెంటనే పెట్రోలియం జెల్లీ దట్టంగా రాయాలి. రాత్రి రెండు పెదవుల మధ్య జెల్లీ రాసిన గాజుగుడ్డ పెట్టుకుంటే పొద్దున నోరు తెరిచేటప్పుడు అంటుకుని చీలిపోవు. డెక్సామెథసోన్ ద్రావణం, 5 మిల్లీలీటర్లలో 0.5 మిల్లీగ్రాములు ఉండేది, డాక్టరు రాస్తే రోజుకు మూడు నాలుగుసార్లు ఐదు నిమిషాలు నోట్లో తిప్పి ఉమ్మేయాలి. మింగకూడదు, తర్వాత అరగంట ఏమీ తాగకూడదు. తిండికి ముందు లిగ్నోకెయిన్ జిగురు ద్రవం పుక్కిలిస్తే నొప్పి తెలియదు, కానీ గొంతు కూడా మొద్దుబారి పొలమారుతుంది. ఉమ్మేసి, నిటారుగా కూర్చుని, చల్లగా, మెత్తగా ఉన్నదే చిన్న గుటకలుగా తీసుకోవాలి. టూత్‌పేస్టు నురగ రానిది, బ్రష్షు పసిపిల్లలది. ఆల్కహాలున్న మౌత్‌వాష్ ఇంట్లో ఉంటే పారేయండి.

నోరు ఉన్నట్టుండి ఇంకా మండితే జబ్బు ముదిరిందని స్టెరాయిడ్ పెంచే ముందు రెండు చూడమనండి. తుడిస్తే లేచే తెల్లటి పెరుగు మరకలుంటే అది కాండిడా ఫంగస్, దానికి మందు వేరు. కొత్తగా చిన్న చిన్న గుంట పుండ్లు గుంపుగా వస్తే హెర్పిస్ కావచ్చు, స్వాబ్ తీయాలి. రెండూ స్టెరాయిడ్ పెంచితే పెరిగేవే. కళ్లు ఎర్రబడి, పొద్దున రెప్పలు అంటుకుంటుంటే కంటి డాక్టరుకు చూపించండి. లోపల పొరలు అతుక్కుపోతే విడదీయడం కష్టం.

గడ్డ పూర్తిగా తీసేశాక కూడా మరుసటి వారానికే నోరు మానుతుందని ఎదురుచూడకండి, లేకపోతే ‘కోయించి ఏం లాభం’ అనే మాట ఇంట్లో మళ్లీ లేస్తుంది. ఒంటి మీద పొక్కులు సాధారణంగా వారాల్లో తగ్గుతాయి, నోరు అన్నిటికంటే చివర. యాంటీబాడీలు పడిపోవడానికి నెలలు పడుతుంది, నోరు పూర్తిగా మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఇంకా పైన కూడా పట్టవచ్చు. స్టెరాయిడ్‌ను ఆ వేగానికి తగ్గట్టే దించుతారు. నోరు మానుతున్నా ఊపిరితిత్తుల జబ్బు కొందరిలో ముందుకు వెళ్తూనే ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు తీసిన స్పైరోమెట్రీ అంకె దాచి ఉంచుకుని, మొదటి కొన్ని నెలలు నెలకోసారి దానితో పోల్చి చూసుకోవాలి. మానిన నోరు మళ్లీ పగిలితే గడ్డ తిరిగి పెరిగిందేమోనని స్కాన్ చేయించాలి.

అక్కకు చెప్పాలా? చెప్పకుండా ఇవేవీ జరగవు. సమ్మతి పత్రం మీద సంతకం ఆమెదే, రెప్పలు వాలుతున్నాయా అని అడిగేది ఆమెనే, ముక్కులో గొట్టానికి ఒప్పుకోవలసిందీ ఆమే. ఐదు నెలలుగా ‘వేడి చేసింది, తగ్గిపోతుంది’ అని అందరూ చెబుతుంటే తగ్గని నోటితో ఉన్న మనిషికి, దీనికి ఒక కారణం దొరికిందనే మాట భయంతోపాటు కొంత తెరిపి కూడా ఇస్తుంది. ఎంత చెప్పాలనేది మాత్రం ఆమె ఇష్టానికి వదలవచ్చు. “స్కాన్‌లో కడుపు వెనక ఒక గడ్డ కనిపించింది, నోటి పుండ్లకు అదే కారణమని డాక్టరమ్మ అనుకుంటున్నారు, అదేమిటో ఇంకా తేలలేదు, అన్నీ తెలుసుకోవాలనుందా, మాకు వదిలేస్తావా?” అని మీరు గానీ బావగారు గానీ అడగండి. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు, ఇంట్లో, పిల్లలు పడుకున్నాక అయితే మేలు. సర్జన్ గదిలో పరాయివాళ్ల ముందు మొదటిసారి వినడం కంటే అది నయం. ఆమె ఎదురు ప్రశ్నలు వేస్తే తెలిసినంత చెప్పండి, తేలనిదాన్ని తేలలేదనే చెప్పండి.

ఆమె కంచం, గ్లాసు ఈ పూటే తెచ్చి అందరి వాటిలో కలిపేయండి. ఇది అంటుకునే జబ్బు కాదు, ఆమె పొక్కులు తాకినా పిల్లలకు ఏమీ కాదు. జాగ్రత్త అవసరమైంది ఇటువైపు: మీకెవరికైనా జలుబో జ్వరమో ఉంటే ఆమెకు దూరంగా ఉండాల్సింది మీరు. ఇంట్లో అందరూ ఫ్లూ టీకా వేయించుకోండి. ఆమెకు మాత్రం బతికున్న వైరస్‌తో చేసిన టీకాలేవీ వేయించకండి.